2 లక్షల కిలోమీటర్లు దాటిన డీజిల్ బండి: ఇంజిన్ విప్పేముందు ఏం చూడాలి, ఎంత అవుతుంది

ముందు మీరు చెప్పింది నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూసుకుంటాను. 2012 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 1.3 లీటర్ ఇంజిన్, రీడింగు 2,14,000. నాన్నగారు కొన్న బండి. ఇప్పుడు మీరు రోజూ విశాఖలో గాజువాక నుంచి మధురవాడ ఆఫీసుకు వెళ్లి వస్తున్నారు. పొద్దున మొదటి స్టార్టుకు మూడు నాలుగు సెకన్లు గలగలమంటోంది. సింహాచలం కొండ ఎక్కుతుంటే నల్లపొగ, పికప్ లేదు. 2,000 కిలోమీటర్లకు అర లీటరు ఆయిల్ తగ్గుతోంది. పోయిన నెల అరకు వెళ్తుంటే ఘాట్‌లో టెంపరేచర్ ఒకసారి పైకెక్కి దిగింది. ఒక షెడ్డులో "ఫుల్ ఇంజిన్ పని, 85 వేలు" అన్నారు. ఇంకొకాయన "ఎందుకండీ ఈ తలనొప్పి" అంటూ 1.6 లక్షలకు తానే కొంటానన్నాడు. ఎవర్ని నమ్మాలి అని అడిగారు.

ఇప్పటికైతే ఇద్దర్నీ నమ్మకండి. ఇద్దరూ బానెట్ ఎత్తి చెవితో విని చెప్పినవాళ్లే. ఏదీ కొలిచి చూడలేదు. నేను 1997లో కంచరపాలెంలో ఒక షెడ్డులో పానాలు అందించే కుర్రాడిగా చేరాను. ఇప్పుడు మర్రిపాలెం దగ్గర నాకో చిన్న షెడ్డు ఉంది. పాత బండికి నాలుగు జబ్బులు ఒకేసారి బయటపడితే "ఇంజిన్ పోయింది" అనెయ్యడం మా వృత్తిలో మామూలే. కానీ మీరు చెప్పిన నాలుగూ నాలుగు వేరే పనులు. వాటిలో ఒకటి అస్సలు ఆగేది కాదు. ఇంకొకటి ముదిరితే మొత్తం ముంచేది. మిగతా రెండూ పైపనితో పోయే అవకాశం ఎక్కువ.

ఇంత ధీమాగా చెప్పడానికి ఒక కారణం ఉంది. పదేళ్ల కిందట స్టీల్ ప్లాంటులో రిటైరైన ఒకాయన బండి తెచ్చారు. నీలిపొగ, ఆయిల్ తాగుతోంది. నేను బానెట్ ఎత్తాను, ఎక్సలేటర్ రెండుసార్లు తొక్కించాను, "పిస్టన్ రింగులు పోయాయండి" అనేశాను. ఆయన పాపం మారు మాట్లాడకుండా 20 వేలు అడ్వాన్సు చేతిలో పెట్టారు. ఇంజిన్ దించాం, దాని పైభాగం, అంటే హెడ్, విప్పాం. లైటు వేసి చూస్తే బోరు (పిస్టన్ ఆడే సిలిండర్) గోడల మీద కంపెనీలో కొట్టిన అడ్డగీతలు ఇంకా అలాగే ఉన్నాయి. పైఅంచు దగ్గర గోరు పెట్టి కిందికి లాగితే ఎక్కడా మెట్టు తగల్లేదు. అంటే ఆ బోరుకు ఏమీ కాలేదు. అసలు సంగతి ఏంటంటే, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే ఫ్యాను) నుంచి ఆయిల్ తిరిగి సంపులోకి (ఇంజిన్ కింద ఆయిల్ ఉండే తొట్టిలోకి) దిగే పైపు మాడిన ఆయిల్‌తో పూడుకుపోయింది. కిందికి దిగే దారి లేక ఆయిల్ టర్బో సీల్ దాటి ఇన్‌టేక్‌లోకి, అంటే గాలి లోపలికి పోయే దారిలోకి, పోతోంది. ఆ పైపు విప్పి శుభ్రం చేసి కొత్త ప్యాకింగ్ వేస్తే 1,500 రూపాయల పని. మా హెల్పర్ కుర్రాడు "ఏటి గురూ, మరి ఇంజిన్ ఎందుకు దించినట్టు?" అన్నాడు. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. నా కూలీ వదులుకుని ఇంజిన్ మళ్లీ బిగించి, అడ్వాన్సులో ప్యాకింగ్ సెట్టు డబ్బులు పోను మిగతాది తిరిగి ఇచ్చేశాను. అప్పట్నుంచి మా షెడ్డులో కొలవకుండా ఇంజిన్ దించం.

ఇక మీ బండి సంగతి. ఈ 1,248 సీసీ ఇంజిన్ ఫియట్ వాళ్ల డిజైన్. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్ మొదలుకొని టాటా విస్టా, ఫియట్ పుంటో దాకా చాలా బళ్లలో ఇదే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక మారుతి డీజిల్ బళ్లు ఆపేసింది కానీ, రోడ్డు మీద ఇన్ని ఉన్నాయి కాబట్టి సామాన్లకు ఇప్పటికీ లోటు లేదు. దీని పని తెలిసిన మెకానిక్‌లూ ఊరినిండా ఉన్నారు. పాత బండి ఉంచుకోవాలా వద్దా అన్నప్పుడు నేను మొదట చూసేది ఇదే. సామాను దొరకని బండికి ఎంత చిన్న పనైనా పెద్దదే.

మొదట ఆ గలగల. ఈ ఇంజిన్‌కు టైమింగ్ బెల్టు ఉండదు, చైను ఉంటుంది. పిస్టన్లకూ వాల్వులకూ లెక్క తప్పకుండా చూసేది అదే. ఆ చైనును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఇంజిన్ ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. రాత్రంతా బండి ఆగి ఉంటే ఆయిల్ కిందికి జారిపోతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఒత్తిడి అక్కడిదాకా చేరడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది. చైను కొత్తదైతే ఆ కాస్త ఆలస్యం మనకు తెలియదు. చైను సాగి, గైడ్లు అరిగి ఉంటే ఆ రెండు సెకన్లూ అది కవరుకు కొట్టుకుంటుంది. మీకు వినబడుతున్నది అదే కావచ్చు. ఇంజెక్టర్ (డీజిల్‌ను సిలిండర్‌లోకి చిమ్మేది) శబ్దం అయితే టకటకమని ఆగకుండా వస్తుంది, ఎక్సలేటర్ తొక్కితే మారుతుంది. చైను శబ్దం బెల్టులు ఉన్న వైపు నుంచి, ఇనప డబ్బాలో గొలుసు వేసి ఊపినట్టు వచ్చి, ఆయిల్ ఎక్కగానే సర్దుకుంటుంది.

సర్దుకుంటుంది కదా అని ఊరుకోకూడదు. ఆగనిది అన్నాను చూడండి, అది ఇదే. చైను ఒకటి రెండు పళ్లు దాటిందంటే పిస్టన్లు వెళ్లి వాల్వులకు కొట్టుకుంటాయి, రాకర్లు విరుగుతాయి. 15 వేలతో అయ్యే పని ఆ ఒక్క క్షణంలో 50 వేలు దాటుతుంది. చైను కిట్టు అంటే చైను, టెన్షనర్, గైడ్లు, పళ్ల చక్రాలు అన్నీ కలిపి. కూలీతో 12 నుంచి 16 వేలు అవుతుంది. చైను ఒక్కటే మారుస్తాను, 6 వేలు చాలు అనేవాళ్లు దొరుకుతారు. వద్దు. అరిగిన పళ్ల మీద కొత్త చైను ఎక్కువ కాలం నిలవదు, కూలీ రెండుసార్లు కట్టాల్సి వస్తుంది. పని అప్పజెప్పేముందు ఒకే ఒక్క ప్రశ్న వేయండి: "టైమింగ్ లాక్ టూల్ ఉందా?" పెయింటుతో గుర్తులు పెట్టుకుని చేసేస్తామంటే ఇంకో షెడ్డు చూసుకోండి.

ఇక్కడే ఇంకో మాట. శబ్దం తగ్గాలని 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి ఆయిల్ పోయించమని ఎవరో ఒకరు మీకు చెప్పే ఉంటారు. పోస్తే ఒక వారం శబ్దం తగ్గినట్టే ఉంటుంది. కానీ చిక్కటి ఆయిల్ పొద్దున చలిలో టెన్షనర్ దాకా పోవడానికి ఇంకా ఆలస్యం చేస్తుంది. జబ్బు పెంచి చప్పుడు దాచినట్టు. మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించండి, కాకపోతే గడువు తగ్గించండి. మాన్యువల్‌లో 10 వేలకు మార్చమని ఉంటుంది. ఎన్ఏడీ జంక్షన్ దగ్గరా, హనుమంతవాక దగ్గరా రోజూ అరగంట ఐడిలింగ్‌లో నిలబడే పాత బండికి నేను 7 వేలకే మారుస్తాను. ఆగి ఉన్నప్పుడు కూడా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, కిలోమీటర్లు మాత్రం ఎక్కవు. ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ కలిపి 2,500 నుంచి 3,000. ఈ బండి మీద మీరు పెట్టే డబ్బుల్లో దీనంత లాభసాటి ఖర్చు ఇంకోటి లేదు.

రెండోది వేడి. ముదిరితే ముంచేది ఇదే. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ మొదలైతే ఏసీ వేసుకుని, నలుగురు ఎక్కి, రెండో గేరులో చాలాసేపు ఎక్కుతాం. నెమ్మదిగా పోతాం కాబట్టి ఎదురుగాలి ఉండదు, ఫ్యానే దిక్కు. రేడియేటర్‌లో పావు భాగం పూడుకుపోయి ఉన్నా ఊళ్లో తిరిగినన్నాళ్లూ తెలియదు. ఘాట్ ఎక్కితే మాత్రం బయటపడుతుంది. కాబట్టి అది ఇంజిన్ తప్పు అనే ముందు రేడియేటర్ చూడాలి.

మన ఊళ్లో రేడియేటర్‌కు ఇద్దరు శత్రువులు. ఒకటి సముద్రపు గాలి. ఎంవీపీ కాలనీ, పెదవాల్తేరు, బీచ్ రోడ్డు వైపు ఆరుబయట పార్క్ చేసే బళ్ల రేడియేటర్ రేకులు చేత్తో ముట్టుకుంటే బూడిదలా రాలుతాయి. మీది గాజువాక కాబట్టి ఉప్పు కాస్త తక్కువ, దుమ్ము ఎక్కువ. ఆ దుమ్ము ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య చేరి అట్టకడుతుంది. ముందు నుంచి నీళ్లు కొడితే పోదు, కండెన్సర్ కదిపి వెనక నుంచి కొట్టాలి. రెండో శత్రువు బోరు నీళ్లు. కూలెంట్ తగ్గిందని పెట్రోలు బంకులోనో, ఇంటి కుళాయి నుంచో నీళ్లు పోసేస్తారు. తీరం దగ్గర బోరు నీళ్లలో ఉప్పు ఉంటుంది. లోపల ఎలా ఉంటుందో చూడాలంటే మీ ఇంట్లో గీజరు కాయిల్ చూడండి, తెల్లగా గట్టిగా పట్టి ఉంటుంది కదా, అదే రేడియేటర్ గొట్టాల్లోనూ పడుతుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. అంతే. రెండు బాటిళ్ల డబ్బులకు కక్కుర్తి పడకండి.

రేడియేటర్ మూత గురించి ఎవరూ పట్టించుకోరు. 250 రూపాయల సామాను. అది సుమారు ఒక బార్ ఒత్తిడిని లోపల ఆపి ఉంచడం వల్లే కూలెంట్ 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. రబ్బరు ఎండిపోతే ఒత్తిడి నిలవదు, ఘాట్ మీద త్వరగా మరుగుతుంది. ముందు అది మార్చండి. తర్వాత ఫ్యాను రెండు స్పీడుల్లోనూ తిరుగుతోందా, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) తెరుచుకుంటోందా, వాటర్ పంపు దగ్గర కారిన మరక ఉందా చూపించండి. రేడియేటర్ 4,500 ప్రాంతం, థర్మోస్టాట్ 1,200, వాటర్ పంపు కూలీతో 3,000 లోపు. థర్మోస్టాట్ పీకేసి ఖాళీగా బిగించేస్తే వేడి ఎక్కదు అంటారు కొందరు. అలా చేస్తే ఇంజిన్ ఎప్పుడూ పూర్తిగా వేడెక్కదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, మసి పేరుకుంటుంది. చేయించకండి.

హెడ్ గ్యాస్కెట్, అంటే హెడ్ కింద ఉండే ప్యాకింగ్, సంగతి తేల్చుకోవడం కష్టమేమీ కాదు. రాత్రంతా చల్లబడ్డ బండి స్టార్ట్ చేసి రెండు నిమిషాల్లో రేడియేటర్ పైహోసు నొక్కి చూడండి. ఇంకా వేడి ఎక్కకముందే రాయిలా బిగుసుకుపోతే సిలిండర్ గ్యాసు నీళ్లలోకి వస్తోందన్నమాట. కూలెంట్ ట్యాంకులో ఆగకుండా బుడగలు వచ్చినా అదే అర్థం. డిప్ స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు, బండి నడపొద్దు. కొన్ని షెడ్లలో నీలం ద్రవం ఉన్న టెస్టర్ ఉంటుంది. ట్యాంకు మూతి దగ్గర పెడితే పొగ తగిలి ఆ నీలం ఆకుపచ్చగానో పసుపుగానో మారుతుంది. 500 తీసుకుంటారు. గ్యాస్కెట్ పోయిందని తేలితే హెడ్ దించి, ఆటోనగర్‌లో లేత్ మీద ఫేసింగ్ చేయించి, కొత్త బోల్టులు, ప్యాకింగ్‌లతో 15 నుంచి 25 వేలు. ఈ హెడ్ అల్యూమినియం, వేడికి వంగుతుంది. చాలా ఇంజిన్లకు 0.05 మిల్లీమీటరు వంపు దాటితే ఒప్పుకోరు, అంటే మన వెంట్రుక మందం కంటే తక్కువ. అందుకే స్కేలు, ఫీలర్ గేజ్ పెట్టి మీ ఎదురుగా కొలవమనండి.

మీకు టెంపరేచర్ ముల్లు ఒక్కసారే ఎక్కి దిగింది, నీళ్లు తగ్గలేదన్నారు కాబట్టి గ్యాస్కెట్ బాగానే ఉండొచ్చు. అయినా ఆ రేడియేటర్ పని పూర్తయ్యేదాకా అరకు, లంబసింగి పెట్టుకోకండి. మళ్లీ ఎప్పుడైనా ముల్లు ఎక్కితే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా తిప్పి, పక్కకు తీసి ఆపండి. చెమటలు పడతాయి కానీ హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే. మూత మాత్రం చల్లబడేదాకా ముట్టుకోవద్దు. మా దగ్గర పనిచేసిన ఒక కుర్రాడి మోచేతి మీద ఆ మచ్చ ఇంకా ఉంది.

నల్లపొగ. దీనికి భయపడకండి. నల్లపొగ అంటే డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదని అర్థం. నీలిపొగ ఆయిల్, తెల్లపొగ నీళ్లో, కాలని డీజిలో. మీది నల్లపొగ, పైగా పికప్ లేదు. ముందు ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. పోర్టు, స్టీల్ ప్లాంటు దుమ్ములో తిరిగే బండికి 5,000 కిలోమీటర్లకు ఒకసారి దాన్ని బయటికి తీయాలి. తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచేది) పోయే రబ్బరు హోసులు. వీటికి సన్న చీలిక వస్తే ఐడిలింగ్‌లో ఏమీ తెలియదు, లోడు పడితే తెరుచుకుంటుంది, బుస్సుమని గాలి పోతుంది. హోసు కింద వేలు పెట్టి రాస్తే చీలిక ఉన్న చోట నల్లటి ఆయిల్ తడి తగులుతుంది. హోసు 1,500 నుంచి 2,500. మూడోది ఈజీఆర్ వాల్వు. పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది ఇదే. 2 లక్షలు తిరిగాక ఆ మసి, ఆయిల్ ఆవిరి కలిసి లోపల తారులా పట్టేస్తుంది. నేను విప్పిన ఒక మ్యానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో) చిటికెన వేలు కూడా పట్టలేదు. శుభ్రం చేయించడానికి ఈజీఆర్ ఒక్కటైతే 1,500, మ్యానిఫోల్డ్‌తో కలిపి 4,000 దాకా.

ఈ మూడూ బాగుంటేనే ఇంజెక్టర్ల జోలికి వెళ్లండి. ఇంజెక్టర్ టెస్టు చూడముచ్చటగా ఉంటుంది. నాలుగింటి రిటర్న్ పైపులూ తీసి నాలుగు ఒకేలాంటి సీసాల్లో పెడతాం. మా దగ్గర ఖాళీ సెలైన్ సీసాలే, మీద గీతలు ఉంటాయి కాబట్టి కొలవడం తేలిక. ఇంజిన్ రెండు నిమిషాలు తిప్పి ఆపితే మంచి ఇంజెక్టర్ల సీసాల్లో డీజిల్ దాదాపు ఒకే మట్టానికి ఉంటుంది. ఒకటి మిగతావాటికి రెండింతలు నిండిందంటే దొంగ అదే. నాలుగూ మార్చాలి అనేవాడు ఈ టెస్టు చూపించాలి. రీకండిషన్ ఒక్కోటి 5 నుంచి 7 వేలు, కొత్తది 12 వేల పైమాట. ఇంకో జాగ్రత్త: పాత డీజిల్ బళ్లలోలా ఇంజిన్ తిరుగుతుండగా ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి మిస్సింగ్ పట్టడం దీనికి పనికిరాదు. కామన్ రైల్‌లో (ఇంజెక్టర్లకు డీజిల్ అందించే గొట్టంలో) ఒత్తిడి ఐడిలింగ్‌లోనే వందల బార్ ఉంటుంది, లోడు పడితే వెయ్యి దాటుతుంది. ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. ఎవరైనా అలా చేయబోతే ఆపండి.

ఆయిల్ తగ్గడం. 2,000కు అర లీటరు అంటే వెయ్యికి పావు లీటరు. ఈ వయసు డీజిల్‌కు ఇది ఇంజిన్ విప్పే లెక్క కాదు. వెయ్యికి అర లీటరు దాటి, నీలిపొగ కూడా ఉంటే అప్పుడు ఆలోచిద్దాం. ముందు మీరు కొలిచే పద్ధతి సరైనదేనా? ఇంజిన్ ఆపి పది నిమిషాలయ్యాక, చదునుగా ఉన్న చోట డిప్ స్టిక్ తీయాలి. మన ఊళ్లో చదునైన చోటు దొరకడమే కష్టం, సిరిపురం డౌన్‌లో ఒక రీడింగు, మద్దిలపాలెంలో ఇంకో రీడింగు వస్తాయి. ఒకే చోటు పెట్టుకోండి, అపార్ట్‌మెంట్ సెల్లార్ అయితే మంచిది. రాత్రి బండి కింద పెద్ద అట్టముక్క పరచండి. ముందు చక్రాల మధ్య బెల్టు వైపు చుక్క పడితే ముందు ఆయిల్ సీలు, గేరుబాక్సు కలిసే చోట పడితే వెనక సీలు, ఇంజిన్ వెనక గోడ మీదుగా కారితే పైకవరు ప్యాకింగో, వ్యాక్యూమ్ పంపో. ప్యాకింగ్ పని 1,500 నుంచి 2,500. వెనక సీలుకు గేరుబాక్సు దించాలి. అప్పుడు క్లచ్ ప్లేటు కూడా చూసి మార్చేయండి, ఒకే కూలీలో పోతుంది, మొత్తం 10 నుంచి 13 వేలు. సంపు రేకు తుప్పు పట్టి చెమ్మగిల్లుతోందేమో కూడా చూడండి, సముద్రం పక్క ఊళ్లో ఇది మామూలే.

అట్ట మీద చుక్క పడకపోయినా ఆయిల్ తగ్గుతుంటే టర్బో చూడాలి. ఇన్‌టేక్ పైపు తీసి లోపలి ఫ్యాను షాఫ్టు రెండు వేళ్లతో ఊపాలి. పక్కలకు వెంట్రుకవాసి కదలిక ఉండొచ్చు. ముందుకూ వెనక్కూ కదిలినా, రెక్కలు గోడకు రాసుకున్నా పోయినట్టే. రీకండిషన్ 12 నుంచి 18 వేలు, కొత్తది 30 వేల ప్రాంతం. ఒక అరుదైన ప్రమాదం చెప్తాను, తెలిసి ఉండటం మంచిది. టర్బో సీలు ఒక్కసారిగా పోతే డీజిల్ ఇంజిన్ తన ఆయిల్ తానే తాగుతూ పిచ్చిగా తిరుగుతుంది. తాళం తీసినా ఆగదు. అప్పుడు బ్రేకు బలంగా తొక్కి, టాప్ గేరు వేసి, క్లచ్ వదిలేసి ఇంజిన్‌ను అణచాలి. కొండ ఎక్కి రాగానే టక్కున ఆపకుండా ఒక నిమిషం ఐడిలింగ్‌లో ఉంచితే టర్బోకు ఆయుష్షు.

ఇప్పుడు ఆ 85 వేల మాట తేలాలంటే కంప్రెషన్ టెస్టు చేయాలి, అంటే సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తోందో కొలవాలి. గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజిన్ స్టార్టయ్యేందుకు వేడిచేసేవి) తీసి, ఆ రంధ్రాల్లో గేజ్ పెట్టి నాలుగు సిలిండర్లూ చూస్తారు. మంచి డీజిల్ ఇంజిన్‌కు 25 నుంచి 30 బార్ ప్రాంతం వస్తుంది. అంకె కంటే తేడా ముఖ్యం. నాలుగూ 24 ఉంటే నేను ఇంజిన్ విప్పకుండానే బండికి దండం పెట్టి పంపిస్తాను. మూడు 27, ఒకటి 18 వస్తేనే లోపల పని ఉంది. అయితే ఇందులో ఒక మెలిక. 12 ఏళ్లు దాటిన గ్లో ప్లగ్గు రంధ్రంలో పట్టేసి ఉంటుంది. తొందరపడి తిప్పితే హెడ్‌లోనే విరుగుతుంది, అప్పుడు టెస్టు కోసం వెళ్లి హెడ్ దించుకుని రావాలి. ముందురోజు రస్ట్ ఆయిల్ కొట్టి, ఇంజిన్ వేడిగా ఉండగా కొంచెం కొంచెంగా వదులు చేయాలి. ఆ ఓపిక ఉన్న మెకానిక్ దగ్గరే చేయించండి. 1,500 తీసుకుంటారు. అంతకుముందే ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. ఇంజిన్ వేడిగా ఐడిలింగ్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తిప్పి తీసి, రంధ్రం మీద తలకిందులుగా ఊరికే పెట్టండి. కొద్దిగా అదిరితే మామూలే. ఎగిరి పడిపోతే, రంధ్రంలోంచి రైలింజన్‌లా పొగ వస్తే రింగుల దగ్గర గ్యాసు జారుతోంది.

కంప్రెషన్ నిజంగా పడిపోయి ఉంటే ఆ 85 వేలు మోసమేమీ కాదు. రింగులు, బేరింగులు, ప్యాకింగ్ సెట్టు, చైను కిట్టు, లేత్ పని, కూలీ, ఆయిల్ కలిపి 50 నుంచి 70 వేలు అవుతుంది. బోరు కొట్టించి కొత్త పిస్టన్లు వేసి, ఒక రెండు ఇంజెక్టర్లు కూడా కలిస్తే 85 దాటుతుంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అయితే ఇంకా ఒకటిన్నర రెట్లు. నేను చెప్తున్నవన్నీ మన ఊళ్లో బయటి షెడ్ల రేట్లు, బ్రాండును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి. సామాన్ల బిల్లు వేరేగా అడిగి తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, పాత రేటు వేస్తున్నారేమో చూసుకోండి. తీసిన పాత సామాను డిక్కీలో పెట్టమనండి. అడగడానికి మొహమాటపడొద్దు.

ఆటోనగర్‌లో స్క్రాప్ బండి ఇంజిన్ 40 వేలకు ఎక్కించేస్తామని కూడా ఎవరో చెప్తారు. కొన్నిసార్లు మంచివే దొరుకుతాయి. కానీ ఆర్సీలో ఇంజిన్ నంబరు ఉంటుంది. అది మారితే ఆర్టీవో దగ్గర రాయించుకోవాలి, ఆ ఇంజిన్ ఎక్కణ్నుంచి వచ్చిందో కాగితం ఉండాలి. లేకపోతే రేపు ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో ఇరుక్కుంటారు. ఇంకో సంగతి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక సెల్లార్లలో మునిగిన బళ్లు ఎన్నో మా దగ్గరికి వచ్చాయి. నీళ్లు లోపల ఉండగానే సెల్ఫ్ కొట్టినవాటికి కనెక్టింగ్ రాడ్లు వంగాయి. కొన్ని పైకి బాగానే తిరిగాయి, నెల తర్వాత చప్పుడు మొదలైంది. చరిత్ర తెలియని ఇంజిన్ అంటే నాకు అందుకే భయం.

మీ విషయంలో నా అంచనా. టెస్టులకు 2,000 నుంచి 2,500. చైను కిట్టు 12 నుంచి 16 వేలు. రేడియేటర్, మూత, థర్మోస్టాట్, కూలెంట్ 6 నుంచి 9 వేలు. హోసు, ఈజీఆర్ 3 నుంచి 5 వేలు. ప్యాకింగ్ 2,000 చుట్టూ. మొత్తం 25 నుంచి 35 వేల మధ్య తెగాలి. అన్నీ ఒకేసారి చేయించే స్తోమత లేకపోతే చైను, మూత, కూలెంట్ ఈ నెల, రేడియేటర్ వచ్చే నెల, మిగతావి తర్వాత. అన్నట్టు ఆ వంకతో బ్యాటరీ నుంచి బాడీకి పోయే ఎర్త్ వైరు కూడా చూపించండి. ఉప్పుగాలికి దాని కొసలు పచ్చగా పొడిబారుతాయి. సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందని 5 వేలు పెట్టి బ్యాటరీ మార్చి, చివరికి 300 రూపాయల వైరు దగ్గర తేలిన బళ్లు బోలెడు.

అమ్మడం సంగతికొస్తే, 1.6 లక్షలకు బేరం పెట్టినాయన ఆ గలగల విని ధర కట్టాడు. చైను పనయ్యాక బిల్లు చూపిస్తే ఆ మాట పెరుగుతుంది. కానీ నేనైతే అమ్మమని చెప్పను. 2027లో 15 ఏళ్లు నిండుతాయి, ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ మళ్లీ 5 ఏళ్లకు పొడిగించుకోవాలి, దానికి ఫీజూ గ్రీన్ ట్యాక్సూ ఉంటాయి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బళ్లను ఆపాలని పెట్టిన గొడవ మనకు లేదు. బాడీ కింద తుప్పు తినేసి ఉంటే మాత్రం నా మాట మారుతుంది. ఇంజిన్ ఎన్నిసార్లయినా కట్టొచ్చు, తుప్పు పట్టిన ఛాసిస్‌ను కట్టలేం. ర్యాంప్ మీద ఎక్కించినప్పుడు ముందు చక్రాల వెనక, సైడు పట్టీల కింద స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడమనండి. లోపలికి దిగితే రేడియేటర్ కూడా కొనకుండా ఉన్నదున్నట్టు ఇచ్చేయండి.

ప్రస్తుతానికి ఒక పని చేయండి. రేపు పొద్దున బండి స్టార్ట్ చేసేముందు బానెట్ తెరిచి, ఫోన్‌ను బెల్టులు ఉన్న వైపు, తిరిగే వాటికి తగలకుండా పట్టుకుని, ఇంట్లో ఇంకొకర్ని తాళం తిప్పమనండి. మొదటి 10 సెకన్లు రికార్డు చేసి పెట్టండి. తర్వాత అట్ట పరిచిన ఫోటో, డిప్ స్టిక్ ఫోటో. ఈ మూడూ చూశాక మళ్లీ చెప్తాను.